కణశబ్ద విచారము: జీవకణ శాస్త్ర ప్రథమ పాఠము

విశ్వవిద్యాలయములలో జీవకణ శాస్త్రమును క్రొత్తగా అభ్యసించు విద్యార్థికి మొదటి దినమున చెప్పెడి పాఠము నిజమునకు శాస్త్రపాఠము కాదు, అది చరిత్రపాఠము. 1665లో రాబర్టు హుక్ బెండుముక్కలో కణమును చూచెననియు, 1838లో ష్లైడెన్ వృక్షములకును, 1839లో ష్వాన్ జంతువులకును కణములే మూలమని సిద్ధాంతీకరించిరనియు, 1855లో ఫిర్ఖో కణము కణమునుండియే పుట్టునని స్థాపించెననియు అందు చెప్పుదురు. నాలుగు పేర్లు, నాలుగు సంవత్సరములు; ఒక గంటలో పాఠము ముగియును. రెండవ దినమునుండి కణత్వచము, కేంద్రకము, మైటోకాండ్రియాలు మొదలగువాని వర్ణనము ఆరంభమగును. హుక్ మొదలగువారు మరల పరీక్షలోని రెండు మార్కుల ప్రశ్నలో తప్ప కనబడరు.

మా కళాశాలలో ఈ శాస్త్రమును తెలుగు మాధ్యమమున బోధించు మిత్రులొకరు కొన్నియేండ్ల క్రిందట నాయొద్దకు వచ్చి తమ తరగతిలో జరిగిన సంగతి యొకటి చెప్పిరి. హుక్ తాను చూచినదానికి ‘సెల్’ అని పేరు పెట్టెననియు, ఆ మాటకు చిన్నగది యని అర్థమనియు వారు చెప్పుచుండగా, వెనుక వరుసలోని విద్యార్థిని యొకతె లేచి, కణమనగా నలుసు గదా, గదికి నలుసని పేరెట్లు వచ్చినదని అడిగినదట. తరగతి నవ్వినది. మిత్రులకు సమాధానము తోచలేదు. ఇది మీ శాఖవారి ప్రశ్న, మీరే చెప్పవలయునని నాకు అప్పగించి పోయిరి. చిన్న పదసందేహమే గదా యని నేనును నిఘంటువులు ముందు వేసికొని కూర్చుంటిని. ప్రశ్న నిఘంటువులతో తీరలేదు. గదికిని నలుసునకును నడుమనున్న దూరమే ఆ శాస్త్రము యొక్క మొదటి రెండు వందల యేండ్ల చరిత్రయని క్రమముగా తెలియవచ్చినది. ఆ గంట పాఠమున ఉండవలసిన పేరొకటి లేకపోవుటయు అప్పుడే కంటబడినది.

హుక్ చూచినదేమో మొదట విచారింతము. లండనులోని రాయల్ సొసైటీ వారికి ప్రయోగములు చూపుట అతని ఉద్యోగము. అతని ‘మైక్రోగ్రాఫియా’ 1665లో వెలువడినది. అందలి పదునెనిమిదవ పరిశీలనము సీసాల బిరడాలకు వాడెడి బెండును గూర్చినది. పదును పెట్టిన చాకుతో మిక్కిలి పలుచని పొరను చెక్కి, అది తెల్లనిది గావున నల్లని పలకపై నుంచి, గాజుకటకముతో వెలుగును దానిపైకి మళ్లించి సూక్ష్మదర్శినిలో చూచెను. తేనెపట్టువలె అరలరలుగా కనబడెను. కాని తేనెపట్టులోని క్రమము ఆ అరలకు లేదు. అంగుళములో పదునెనిమిదవ పాలునకు అరువది అరలు లెక్కకు వచ్చినవి. ఆ లెక్కను బట్టి అంగుళము పొడవున 1,080 అరలు, చదరపు అంగుళమున 11,66,400 అరలు, ఘనపు అంగుళమున 125,97,12,000 అరలు ఉండవలయునని గుణించెను. తనకే నమ్మశక్యము కాని సంఖ్య యని ఆశ్చర్యపడెను.

ఈ శ్రమ యంతయు అతడు దేనికొఱకు పడెను? బెండు ఎందుకు అంత తేలిక, నీరు ఎందుకు త్రాగదు, నొక్కిన అణగి విడిచిన మరల ఎందుకు లేచును అను మూడు ప్రశ్నలకు సమాధానము కొఱకు. గాలితో నిండి నలువైపుల మూసికొనిపోయిన అరలుండుటయే హేతువని తేల్చెను. అది భౌతికశాస్త్రపు ప్రశ్న, దానికి సరియైన సమాధానము. జీవమేమి యని అతడు బెండును అడుగలేదు. అడిగినను అది చెప్పజాలదు. బెండులోనున్నవి చచ్చిన కణముల గోడలు మాత్రమే. పచ్చని మొక్కలలో ఈ అరలు రసముతో నిండియుండుటను అతడు చూడకపోలేదు, కాని ఆ త్రోవను చాలదూరము పోలేదు. కాబట్టి చిన్నగది యను పేరు అతడు చూచినదానికి ముమ్మాటికి తగినది. ఇందొక ముచ్చట చెప్పవలసియున్నది. సన్యాసుల మఠములలోని గదులను తలచుకొని హుక్ ఈ పేరు పెట్టెనని చాల పాఠ్యగ్రంథములలో కనబడును. ఆ పరిశీలనమున తేనెపట్టు ప్రసక్తి కలదే గాని మఠముల ప్రసక్తి లేదు. ఒకరు వ్రాసినదానిని మఱియొకరు మూలము చూడక ఎత్తివ్రాయుట మన కవిజీవితములకు మాత్రమే పట్టిన తెగులు కాదని నాకు కొంత ఊఱట కలిగినది.

హుక్ తరువాత దాదాపు నూటడెబ్బది యేండ్లు ఈ విషయము పెద్దగా కదలలేదు. 1671 డిసెంబరులో ఇటలీవాడగు మాల్పీగీ వ్రాతయు, ఇంగ్లండువాడగు గ్రూ గ్రంథమును రాయల్ సొసైటీ యెదుటికి వచ్చినవి. వారు మొక్కల నిర్మాణమును విపులముగా వర్ణించి, ఆ అరలను తిత్తులనియు బుడగలనియు పిలిచిరి. డెల్ఫ్టు నగరమున బట్టల వర్తకుడగు లేవెన్‌హుక్ చెరువునీటిలోని సూక్ష్మజీవులను, పురుషబీజములను చూచి లేఖలు వ్రాసెను. అవియు కణములే, కాని ఆ సంగతి ఎవ్వరికిని తట్టలేదు. గోడలున్నదే గది యని నమ్మినవానికి గోడలేని జీవి గదిగా కనబడదు. పేరు చూపును కట్టివేసిన తావులలో ఇది యొకటి యని నా తలంపు.

1831లో రాబర్టు బ్రౌన్ లండనులోని లిన్నియన్ సొసైటీలో చదివిన వ్యాసమున, ఆర్కిడు మొక్కల కణములలో ఒక్కొక్కదానియందు గుండ్రని మచ్చ యొకటి కలదని చూపి దానిని న్యూక్లియస్ అనెను. లాటినున ఆ మాటకు కాయలోని పలుకు అని అర్థము. మనవారు కేంద్రకమనిరి. పలుకు పోయి నడిమిది వచ్చినది. ముదిరిన వృక్షకణములో రిక్తిక పెరిగి కేంద్రకమును ఒక ప్రక్కకు నెట్టివేయును గావున ఈ పేరును నూటికి నూరుపాళ్లు ఒప్పదు. ఆ సంగతి అట్లుండనిండు.

ఇక ష్లైడెన్, ష్వానులు. ష్లైడెన్ హాంబర్గులో న్యాయవాదియై ఆ వృత్తి పొసగక, తుపాకితో ప్రాణము తీసికొనబోయి బ్రతికి, పిమ్మట వృక్షశాస్త్రమునకు వచ్చినవాడు, వాదమున పరుషుడు. ష్వాన్ నెమ్మదియైనవాడు. బెర్లినులో ఇరువురును భోజనము చేయుచు మాటలాడుకొన్న సంగతిని ష్వాన్ చాలకాలమునకు, 1878లో లీజ్ నగరమున తన గౌరవార్థము జరిగిన సభలో చెప్పుకొనెను. వృక్షకణముల పుట్టుకలో కేంద్రకము చేయు పనిని ష్లైడెన్ వివరించుచుండగా, అటువంటిదానినే కప్పపిల్ల వెన్నుదండములోని కణములలో తాను చూచినట్లు ష్వానునకు జ్ఞప్తికి వచ్చినదట. ఇరువురును లేచి పరిశోధనశాలకు పోయి చూచిరి. చెట్టును జంతువును ఒకే రకపు ప్రమాణములతో కట్టబడినవను మహాసత్యము అక్కడ పుట్టినది. దానికి వారికి దక్కిన కీర్తి న్యాయమైనదే.

అయితే వారు చెప్పినదానిలో రెండవ భాగమును మన పాఠ్యగ్రంథములు దాదాపు దాచిపెట్టుచున్నవి. కణము ఎట్లు పుట్టును? ష్లైడెన్ మతమున, పాతకణములోని ద్రవమునందు మొదట చిన్నరేణువు ఏర్పడును. దానిచుట్టు కేంద్రకము పేరుకొనును. దానిచుట్టు క్రొత్తకణము పేరుకొనును. ష్వాన్ మఱియొక అడుగు ముందునకు పోయి, జంతువులలో ఇది కణముల వెలుపలనున్న ద్రవమునందే ఎక్కువగా జరుగుననెను. స్ఫటికములు ఏర్పడుటతో దానిని పోల్చెను. కాగిన నేయి చల్లారి పూసకట్టినట్లు, పాకము ముదిరి పలుకులు దేరినట్లు, జీవద్రవమున కణములు తేలునని వారి భావము. ఇది తప్పు. చిన్నతప్పు కాదు. నిర్జీవద్రవమునుండి కణము తనంత తాను పుట్టునన్నచో, పేడనుండి పురుగు పుట్టునను పాతనమ్మకమునకు సూక్ష్మదర్శిని పెట్టి చూపినట్లే యగును. అప్పటికే 1832లో ద్యుమోర్తియే, 1835లో మోల్, నాచుమొక్కలలో కణము అడ్డుగోడ కట్టుకొని రెండగుటను చూచియుండిరి. అవి యొకానొక జాతికి చెందిన వింతలని త్రోసివేయబడినవి.

ఈ తప్పును దిద్దినవాడు రాబర్టు రెమాక్. అతడు 1815లో నేటి పోలండులోని పోజ్నాన్‌లో, నాడు ప్రష్యాపాలనలోనున్న పోజెన్‌లో పుట్టిన యూదుడు. బెర్లినులో, ష్వానునకును గురువైన యొహానెస్ మ్యుల్లర్ వద్దనే చదివినవాడు. ప్రష్యాలో నాడు యూదునకు విశ్వవిద్యాలయమున బోధించు అధికారము లేదు. క్రైస్తవము పుచ్చుకొన్న దొరకును. రెమాక్ పుచ్చుకొనలేదు. వైద్యము చేసికొని పొట్ట పోసికొనుచు, మిగిలిన కాలమున పరిశోధన చేసెను. రాజునకు అర్జీ పెట్టుకొనెను. అలెగ్జాండర్ ఫన్ హుంబోల్ట్ అండ నిలిచిన పిమ్మట, 1847లో అధ్యాపకుడుగా పాఠములు చెప్పుకొను అనుమతి లభించినది. ఆ విశ్వవిద్యాలయ వైద్యశాఖలో అట్టి అనుమతి పొందిన మొదటి యూదుడతడే.

1841లో కోడిపిండపు నెత్తురులో ఎఱ్ఱకణములు రెండుగా చీలుటను అతడు చూచెను. (మన విద్యార్థులు ఇక్కడ తడబడుదురు. ఎఱ్ఱరక్తకణమున కేంద్రకము లేదని చదివినవారికి అది చీలుటెట్లను సందేహము కలుగును. ముదిరిన ఎఱ్ఱకణమున కేంద్రకము లేకుండుట మనబోటి క్షీరదములకు, పక్షులకు ఉండును.) అతడు తొందరపడలేదు. పదేండ్లకు పైగా కప్పగ్రుడ్డును, కోడిపిండమును చూచుచు, గ్రుడ్డు రెండగుట, నాలుగగుట, ఆ ముక్కలే దేహమందలి సమస్తకణములగుట నిరూపించుకొని, 1852లో నిర్ద్వంద్వముగా ప్రకటించెను: జంతుకణములు పూర్వకణముల విభజనమువలననే కలుగును; కణముల వెలుపల కణము పుట్టుట, జీవి తనంత తాను పుట్టుటవలెనే, నమ్మదగినది కాదు. పిండమందలి మూడు పొరలను నేడు మనము చెప్పుకొను రీతిని స్థిరపరచినవాడును అతడే.

మూడేండ్లకు, 1855లో, వుర్ట్స్‌బుర్గులో ఆచార్యుడుగానున్న రుడోల్ఫ్ ఫిర్ఖో తన పత్రికలో వ్యాసము వ్రాయుచు, కణము కణమునుండియే యను అర్థమునిచ్చు లాటిను సూత్రమును ప్రకటించెను. అప్పటికి కొలదికాలము ముందువఱకు అతడును ద్రవమునుండి కణము పుట్టునని నమ్మినవాడే. ఆ వ్యాసమున రెమాక్ పేరు లేదు. 1856లో ఫిర్ఖో బెర్లినునకు వచ్చెను. 1858 ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వఱకు అక్కడి వ్యాధివిజ్ఞానశాలలో వైద్యులకు ఇరువది ఉపన్యాసము లిచ్చెను. అవి పుస్తకముగా అదే సంవత్సరమున వెలువడి, 1860లో ఇంగ్లీషులోనికి వచ్చి, లోకమంతట వ్యాపించినవి. రోగము దేహమునకు కాదు, దేహములోని కణమునకు పట్టును. కంతి పైనుండి వచ్చిన భూతము కాదు, దేహకణముల సంతానమే. ఇది ఫిర్ఖో ఉపదేశము. వైద్యము దానితో మారిపోయినది. కణమును గూర్చిన ప్రవేశపాఠములలో ఇంతగా ఫలించినవి వేఱు లేవేమో.

ఫిర్ఖోను దొంగ యని తేల్చుట నా ఉద్దేశము కాదు. అతడు ఉదారవాది, యూదుల హక్కులకొఱకు శాసనసభలో పోరాడినవాడు, వ్యాధివిజ్ఞానమున ఈ సూత్రమును నిలువబెట్టిన శ్రమ అతనిదే. అయినను ఒకరు పదేండ్లు గ్రుడ్లను చూచి నిరూపించినదానిని మఱియొకరు నాలుగు లాటిను మాటలలో చెప్పగా, లోకము రెండవవానినే గుర్తుంచుకొన్నది. సూత్రము కంఠస్థమగును, నిరూపణము కాదు. రెమాక్ 1859లో ద్వితీయశ్రేణి ఆచార్యపదవితో తృప్తిపడి, 1865లో చనిపోయెను. ఫిర్ఖో 1902 వఱకు జీవించెను. పాఠ్యగ్రంథములు వ్రాయబడిన కాలమున బ్రతికియున్నవాడు ఫిర్ఖోయే.

ఆ పాఠ్యగ్రంథముల సంగతి కొంత చెప్పవలయును. 1870 తరువాతి తొలియేండ్లలో లండనులోని సౌత్ కెన్సింగ్టనున థామస్ హెన్రీ హక్స్‌లీ బడిపంతుళ్లకు జీవశాస్త్రము నేర్పెను. పంతుళ్లు విని పోవుట కాదు, తామే సూక్ష్మదర్శినిముందు కూర్చుండి చూడవలయుననుట అతని నియమము. ఆ పాఠములను మార్టిన్ తోడ్పాటుతో 1875లో అచ్చువేసెను. మొదటి అధ్యాయము మద్యమును పులియజేయు ఈస్టును గూర్చినది, పిమ్మట ఏకకణపు నాచు, అమీబా, బాక్టీరియా, కప్ప చిట్టచివర. సులభమైనది కణము గాన కణమే మొదలు. 1888లో శిష్యులు దిద్దిన కూర్పున ఈ క్రమము తలక్రిందులైనది: కప్ప మొదలికి వచ్చినది. చిన్నది సులభము కాదు, తెలిసినది సులభము అని బోధనానుభవము చెప్పినదట, హక్స్‌లీయును ఒప్పుకొనెను. ఈ తగవు నేటికిని తీరలేదు. విచిత్రమేమనగా, 1853లో ఈ హక్స్‌లీయే కణసిద్ధాంతమును గట్టిగా విమర్శించియుండెను. కణములు జీవమునకు కారణములు కావు, అలలు పోయిన పిమ్మట ఒడ్డున మిగిలిన గవ్వలవలె జీవము నడచిన జాడలు మాత్రమే యని అతని పోలిక.

విశ్వవిద్యాలయస్థాయిలో ఈ శాస్త్రమునకు రూపము కట్టినవాడు ఎడ్మండ్ బీచర్ విల్సన్. న్యూయార్కులోని కొలంబియాలో 1892–93 శీతకాలమున అతడు చెప్పిన పాఠములే పెరిగి 1896లో గ్రంథమైనవి. 1882లో కేంద్రకవిభజనమునకు మైటోసిస్ అని పేరుపెట్టిన ఫ్లెమింగ్ (పెన్సిలిన్ ఫ్లెమింగు వేఱు), 1888లో క్రోమోసోము అను మాటను కల్పించిన వాల్దెయర్ మొదలగువారి పని యంతయు అందు ఒకచోటికి చేరినది. 1902–03లో క్రోమోసోములే వంశలక్షణముల వాహకములని చూపిన సట్టన్ కొలంబియాలో విల్సనుకడ పనిచేసిన విద్యార్థియే. ఈ విల్సన్ తన గ్రంథారంభమున ‘సెల్’ అను మాటయే సరికాదని చెప్పుట గమనింపదగినది. గట్టిగోడల నడుమ డొల్లగది యను అర్థము కణములలో కొన్నింటికే పొసగును. అలవాటుపడినది గావున విడువలేకున్నామని అతని యాశయము. అంతకుముందే 1861లో మాక్స్ షుల్ట్సే, గోడ ముఖ్యము కాదు, కేంద్రకముతో కూడిన జీవద్రవ్యపు ముద్దయే కణమని నిర్వచించియుండెను. వస్తువు మారినది, పేరు మారలేదు.

ఇప్పుడు విద్యార్థిని ప్రశ్నకు వత్తము. ఈ పేరు మనదేశమునకు వచ్చినప్పుడు ఒక్కొక్క భాష ఒక్కొక్కరీతిని దానిని అందుకొన్నది. హిందీ కోశికయనియు, బెంగాలీ మలయాళములు కోశమనియు, కన్నడము జీవకోశమనియు అనినవి. కోశమనగా కత్తియొఱ, మొగ్గ, పట్టుపురుగు గూడు, ధనాగారము. లోపల వస్తువున్న సంచి. ఇది హుక్ గదికి దగ్గఱిది. మరాఠీ పేశి యనినది. హిందీలో పేశి యనగా కండరము. తమిళము సెల్లనియు, ప్రాణాణువనదగు ఉయిరణువనియు వాడుచున్నది. ఉర్దూలో ఖలియా. అరబ్బీలో ఆ మాటకు మొదటి అర్థము తేనెటీగల గూడు. 1918లో ఉర్దూ మాధ్యమముగా విశ్వవిద్యాలయము వెలసిన హైదరాబాదు నగరమున, హుక్ తేనెపట్టును మార్పులేకుండ నిలుపుకొన్న భాష అదియే యన్నమాట.

తెలుగు ఒక్కటి వేఱుదారి పట్టినది. కణశబ్దమును అమరకోశము లవము, లేశము, అణువు అను మాటలతో చేర్చి అల్పార్థమున చెప్పినది. జలకణము, ధూళికణము, నిప్పుకణిక. కణాదమహర్షి పేరును గింజలేరుకొని తినినవాడనియే వ్యాఖ్యానింతురు. ఇందు గది లేదు, గోడ లేదు, లోపలి ఖాళీ లేదు. ముద్ద యున్నది. విద్యార్థిని నలుసన్నది సరియైనదే. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల శాస్త్రగ్రంథములు తెలుగున వచ్చిన పిమ్మట ఈ మాట చుట్టు పెద్దకుటుంబమే పెరిగినది: కణజాలము, కణత్వచము, కణద్రవ్యము, కణాంగము, ఏకకణజీవి.

షుల్ట్సే నిర్వచనమును బట్టి చూచిన, సెల్ కంటె కణమే యథార్థమైన పేరు. ఇది మనవారి పుణ్యమని కొంతకాలము సంతోషించితిని. పిమ్మట సందేహములు పుట్టినవి. మొదటిది, ఈ మాటకు పనులు ఎక్కువ. భౌతికశాస్త్రమున ఆల్ఫాకణములు ఇవియే, రక్తమున ఎఱ్ఱకణములు ఇవియే. ఇంగ్లీషున మూడు మాటలకు పంచిన భారమును తెలుగున ఒక్కమాట మోయుచున్నది. జీవకణమని విశేషణము చేర్చిన కొంత తేటపడును. రెండవది, కణకుడ్యమనునప్పుడు గింజకు గోడ కట్టినట్లున్నది; గింజకు పొట్టుండును గాని గోడ యుండునా? మూడవది పెద్దది. 1945లో పోర్టర్, క్లాడ్, ఫులాములు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో మొత్తము కణమును చిత్రించిన తరువాత, షుల్ట్సే ముద్దలో అరలు, పొరలు, గొట్టములు బయటపడినవి. లైసోసోములకు 1955లో పేరు పెట్టిన ద దువ్, క్లాడ్, పలాదేలకు 1974లో నోబెల్ బహుమతి వచ్చినది. కణము మరల గది యైనది. గది కాదు, అనేకగదుల ఇల్లైనది. 1948లో ‘జనరల్ సైటాలజీ’ యను పేరున ఇంగ్లీషున వచ్చిన ద రాబర్టిస్ ప్రభృతుల గ్రంథము, 1965 నాటి కూర్పున ‘సెల్ బయాలజీ’గా పేరు మార్చుకొన్నది. మనదేశమున పెక్కుమంది అధ్యాపకులు ఆ గ్రంథముతో చదువుకొన్నవారే. పొరల శాస్త్రమునకు నలుసు అను పేరు కొంత ఇఱుకే.

ఇంతకును గది మేలా, నలుసు మేలా యని తేల్చుకొనలేక నేను చాలదినములు ఉంటిని. రెమాక్ కథ చదివిన పిమ్మట ఆ తగవే వ్యర్థమని తోచినది. గది గదిని కనదు. నలుసు నలుసును కనదు. పగిలిన మఱింత చిన్ననలుసులగును. ఒఱయును, తేనెపట్టును, కంతయు అంతే. కణమును గూర్చి తెలిసికొనవలసిన ముఖ్యవిషయము అది పుట్టుట, పెరుగుట, రెండగుట. ఆ విషయము ఏ భాషలోని పేరునందును లేదు. ఉన్నదానిలో తమిళుల ఉయిరణువును, మన జీవకణమును దానిని సూచించుచున్నవి, చెప్పుట లేదు. తెలుగుమాట చిక్కు ఇంకొకటి కూడ: నలుసని వినినవానికి ష్వాన్ చెప్పిన పూసకట్టుటయే సహజముగా తోచును. గింజలు పేరుకొనుట చూచినదే గదా! కాబట్టి రెమాక్ పాఠము అందఱికంటె తెలుగువిద్యార్థికే ఎక్కువ అవసరము.

పేరు లోపించుట రెమాక్ ఒక్కనికే జరుగలేదు. ఇదే ప్రవేశపాఠములలో ముందునకు పోగా కణమునకు శక్తినిచ్చు ఏటీపీ వచ్చును. దానిని 1929లో జర్మనీలో లోమాన్, హార్వర్డులో ఫిస్కె, యల్లాప్రగడ సుబ్బారావులు వేఱువేఱుగా కనుగొనిరి. సుబ్బారావు 1895లో భీమవరమున పుట్టినవాడు. పెక్కు ఇంగ్లీషు గ్రంథములలో ఏటీపీ పుటలు ఎన్నియో యుండును, అతని పేరుండదు. మన తెలుగు పుస్తకములలో అతని జీవితకథ వేఱుగా నుండును, ఏటీపీ పాఠమున మాత్రము అరుదుగా కనబడును. రెండును ఒకచోట నున్న మేలుగదా యని మిత్రులతో అంటిని.

నేను వ్రాసియిచ్చిన నాలుగు పుటలను మిత్రులు మరుసటి సంవత్సరము తరగతిలో వాడుకొనిరి. మొదట తరగతివారిని సెల్ అనగా ఏమని అడుగగా అందఱును జేబులలోని ఫోన్లను చూపిరట. ఊరిని తేనెపట్టువలె షడ్భుజపు అరలుగా విభజించి చిత్రించుటవలననే ఆ ఫోనునకు ఆ పేరు వచ్చినదని చెప్పి, అక్కడనుండి హుక్‌నకును, హుక్ నుండి నేయి పూసకట్టుటకును, దానినుండి కోడిగ్రుడ్డునకును వచ్చితిమని మిత్రులు చెప్పిరి. గంట చాలలేదు, రెండు గంటలు పట్టినవి. ప్రశ్న అడిగిన విద్యార్థిని అప్పటికి పై తరగతికి పోయినది.

ఆ యేడు వార్షిక పరీక్షలో కణసిద్ధాంతమును గూర్చిన రెండు మార్కుల ప్రశ్న యెప్పటివలెనే వచ్చినది. ఒక విద్యార్థి ష్లైడెన్, ష్వాన్, రెమాక్, ఫిర్ఖో అని నాలుగు పేర్లు వ్రాసెనట. దిద్దిన సమాధానపత్రము మిత్రుల కంటబడినది. మూడవ పేరు క్రింద ఎఱ్ఱసిరాతో గీత గీచి, ప్రక్కన ప్రశ్నార్థకము వేసి, ఒకటిన్నర మార్కు ఇచ్చియుండిరి.